మీకు తెలుసా? మీ ఫోన్లో ఓ వాల్తేరు లెక్క ఉంది

◆ మడకశిర పిన్‌కోడు 515301. ఇది ప్రధాన సంఖ్యేనా? హైస్కూలు పిల్లల్ని అడిగినా ఇట్టే తేల్చేస్తారు. అంకెలన్నీ కూడితే 15. పదిహేను మూడుతో పోతుంది గనుక పిన్‌కోడూ మూడుతో పోతుంది. పూర్తిగా విడగొడితే 3 × 29 × 5923. ఆ చివరి 5923 మాత్రం ఇంక విడిపోదు, అది ప్రధాన సంఖ్య. 2022 ఏప్రిల్‌లో మడకశిర అనంతపురం జిల్లా నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి మారింది గానీ పిన్ మారలేదు. లేకపోతే ఈ లెక్క మళ్లీ మొదటికొచ్చేది.

పక్కనున్న హిందూపురం అంత తేలిగ్గా దొరకదు. దాని పిన్ 515201. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతో పోదు. ఏడు, పదకొండు, పదమూడు... అలా 97 దాకా ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా ఎంతో కొంత శేషం మిగులుతూనే ఉంటుంది. ‘సరే, ఇది ప్రధాన సంఖ్యే’ అని పెన్ను మూత పెట్టేసినవాళ్లు ఆ తర్వాతి మెట్టు మీదే జారిపడతారు. 5101 పక్కన రెండు సున్నాలు పెట్టండి, 510100. దానికి 5101 కలపండి. అదే హిందూపురం! అంటే 101 × 5101.

ఎంతదాకా భాగించి చూడాలి? సంఖ్య వర్గమూలం దాకా చూస్తే చాలు. 515201కి అది 717 దాటి కొంచెం. అప్పటికి ఎదురయ్యే ప్రధాన సంఖ్యలు 127. మీ ఊరి పిన్ తీసుకుని కూర్చుంటే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

◆ పన్నెండు చింతపిక్కల్ని నాలుగేసి చొప్పున మూడు వరుసల్లో పేర్చొచ్చు, ఆరేసి చొప్పున రెండు వరుసలూ చేయొచ్చు. పదమూడో పిక్క చేరిందా, ఇక ఒకే పొడుగు వరుస తప్ప దారి లేదు. ప్రధాన సంఖ్య అంటే అంతే. అలాంటివి ఎన్నున్నాయి? అంతు లేనన్ని ఉన్నాయని రెండు వేల ఏళ్ల కిందటే యూక్లిడ్ రుజువు చేశాడు.

◆ ఆరంకెల సంఖ్యలు తొమ్మిది లక్షలు. వాటిలో ప్రధాన సంఖ్యలు 68,906, అంటే సుమారు పదమూడింట ఒకటి. పది అంకెల సెల్ నంబర్లలో అయితే ఇరవైమూడింట ఒకటి. మీ నంబరు చివర 1, 3, 7, 9లలో ఏదో ఒకటి ఉంటే అదృష్టం కాస్త పెరిగి తొమ్మిదింట ఒకటి అవుతుంది. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ ప్రధానాలు పలచబడతాయి. ఎంత పలచబడతాయో 1896లో హాడమార్డ్, ద లా వాలే పూసె ఎవరికి వారుగా రుజువు చేశారు. అయితే తర్వాతిది సరిగ్గా ఎక్కడ తగులుతుందో ముందే చెప్పే సూత్రమేదీ చేతిలో లేదు. మా మెట్ట రైతుకు వానతో ఉన్న ఇబ్బందే ఇది: ఏడాదికి సగటున ఇన్ని మిల్లీమీటర్లని లెక్కుంటుంది, శెనక్కాయ విత్తాక ఏ రోజు పడుతుందో మాత్రం ఉండదు.

◆ హిందూపురంలో దొరికిన ఆ 101 పాత గణితంలోనూ ఒక చమత్కారం చేసింది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడు. గుణిస్తే అంకెలు దండ గుచ్చినట్టు వచ్చే లెక్కలంటే ఆయనకు మహా సరదా. వాటిలో ఒకటి: 152207 × 73 = 11111111. ఎనిమిది ఒకట్లు! ఆ 152207ని విడగొట్టి చూడండి, 11 × 101 × 137. ఆయన ‘గణితసారసంగ్రహం’ పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన చేతిమీదుగా తెలుగులోకి వచ్చింది. రాష్ట్రకూటులకు కొంతకాలం సామంతులుగా ఉన్న నొళంబుల రాజధాని హెంజేరు. అదే మన అమరాపురం మండలంలోని హేమావతి. శిల్పాలు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ శతాబ్దాల్లో లెక్కలు కూడా ఇంత జోరుగా సాగాయని గుర్తుంచుకోవచ్చు.

ఒకట్లు మాత్రమే ఉన్న సంఖ్య ప్రధానం అవుతుందా? 11 అవుతుంది. 111 కాదు, అది 3 × 37. ఆ తర్వాత పంతొమ్మిది ఒకట్లు పేర్చేదాకా మళ్లీ దొరకదు: 1111111111111111111. దాని వెనకే ఇరవైమూడు ఒకట్లది. ఆపైన ఏకంగా 317 ఒకట్లకు పోవాలి.

◆ కంప్యూటరుకు తెలిసినవి రెండే అంకెలు, సున్నా, ఒకటి. ఆ పద్ధతిలో వరసగా ఒకట్లు పేరిస్తే వచ్చేవే మెర్సెన్ సంఖ్యలు. రెండు ఒకట్లు మన లెక్కలో 3, మూడు ఒకట్లు 7, అయిదు ఒకట్లు 31. ఇంకోలా చెప్పాలంటే, రెండును రెండుతో గుణించుకుంటూ పోయి చివర ఒకటి తీసేయడం: 2⁵ − 1 = 31. ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య అయితేనే మొత్తం ప్రధానమయ్యే అవకాశం. అవకాశమే, హామీ కాదు. పదకొండు ఒకట్లు పేరిస్తే 2047 వస్తుంది, అది 23 × 89 అని విడిపోతుంది.

మారిన్ మెర్సెన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి. 257 ఒకట్ల దాకా ఏవేవి ప్రధానాలో 1644లో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 257 తప్పు. ఉండాల్సిన 61, 89, 107 లేనే లేవు. ఆ 67 సంగతి 1903 దాకా పూర్తిగా తేలలేదు. అమెరికన్ గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ దాన్ని 193707721 × 761838257287గా విడగొట్టి చూపించాడు. ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ లేని రోజుల్లో! ఇన్ని పొరపాట్లు దొర్లినా పేరు మాత్రం మెర్సెన్‌దే నిలిచింది.

◆ ఈ సంఖ్యలు పేరుమోయడానికి అసలు కారణం, వాటిని పరీక్షించడానికి ఒక అడ్డదారి ఉండటం. లూకస్–లెహ్మర్ పరీక్ష అంటారు. 31తో చేసి చూద్దాం. నాలుగుతో మొదలుపెట్టండి. వర్గం చేసి రెండు తీసేయండి: 14. మళ్లీ వర్గం చేసి రెండు తీసేయండి: 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిదిని వర్గం చేసి రెండు తీసేస్తే 62, 31తో భాగిస్తే శేషం సున్నా. సున్నా వచ్చిందంటే ప్రధానం, రాకపోతే కాదు. ఒకట్లు ఎన్నున్నాయో అందులోంచి రెండు తగ్గిస్తే అన్ని మెట్లు. అయిదు ఒకట్లకు మూడు మెట్లు, చూశారుగా. కారణాంకాలు వెతికే పనే లేదు.

◆ ఈ దారిలోనే దొరికింది ఇప్పటికి మనకు తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య. కంప్యూటరు భాషలో 13,62,79,841 ఒకట్లు వరసగా. మామూలు అంకెల్లో రాస్తే 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు, మొదట 8, చివర 51. ఎన్‌విడియాలో పనిచేసి బయటికొచ్చిన ల్యూక్ డురాంట్ 2024 అక్టోబరులో దీన్ని పట్టుకున్నాడు. జాడ తీసింది డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ చిప్పు. ఖాయం చేసింది టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని మరో చిప్పు. 1996 నుంచి ఈ వేట నడుపుతున్నది జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన ‘గింప్స్’ అనే ఔత్సాహికుల బృందం. అన్నాళ్లూ మామూలు కంప్యూటర్లతోనే నెగ్గుకొచ్చింది, గ్రాఫిక్స్ చిప్పులకు చిక్కిన మొదటిది ఇదే.

అన్నం నీళ్లు మానేసి, నిద్ర కూడా పోకుండా, సెకనుకో అంకె చొప్పున చదివితే దాదాపు 475 రోజులు పడుతుంది. రెండు మిల్లీమీటర్లకో అంకె చొప్పున ఒకే వరుసలో అచ్చేస్తే 82 కిలోమీటర్లు. మడకశిర నుంచి హిందూపురం పోయి తిరిగొచ్చేదానికి సరిపోయే కాగితం. అంత పెద్ద సంఖ్యలున్న చోట ప్రధానాలు సగటున తొమ్మిదిన్నర కోట్లకు ఒకటి చొప్పునే ఉంటాయి. గుడ్డిగా వెతికితే దొరికేది కాదు.

◆ ఇక వాల్తేరు సంగతి. పెద్ద ప్రధాన సంఖ్యల గురించి పత్రికల్లో ఎన్ని వార్తలొచ్చినా ఈ పేరు కనబడదు. కనబడాల్సిన పేరు.

1969. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చేస్తున్న డి. సూర్యనారాయణ స్విట్జర్లాండ్ పత్రిక ‘ఎలిమెంటె డెర్ మథమాటిక్’లో ఒక వ్యాసం అచ్చేశారు. నిడివి రెండే పేజీలు. అందులో ఒక కొత్త జాతి సంఖ్యలకు నామకరణం చేశారు, ‘సూపర్ పర్‌ఫెక్ట్’ సంఖ్యలని.

అర్థం కావాలంటే 16 తీసుకోండి. దాన్ని నిశ్శేషంగా భాగించేవి 1, 2, 4, 8, 16. అన్నీ కూడితే 31. ఇప్పుడు 31కి కూడా అదే పని చేయండి. దాన్ని భాగించేవి 1, 31 మాత్రమే, కూడితే 32. మనం బయల్దేరిన 16కు సరిగ్గా రెట్టింపు! ఇలా కారణాంకాల మొత్తాన్ని రెండుసార్లు వరసగా వేస్తే రెట్టింపు తేలే సంఖ్యే సూపర్ పర్‌ఫెక్ట్. ఎనిమిదితో చేసి చూడండి. 1, 2, 4, 8 కూడితే 15. పదిహేనును భాగించేవి 1, 3, 5, 15, కూడితే 24. రావాల్సింది 16. తప్పింది.

ఎందుకు తప్పిందో చూస్తే గుట్టు బయటపడుతుంది. రెండు ఘాతాల కారణాంకాలు కూడితే ఎప్పుడూ రెట్టింపుకు ఒకటి తక్కువ వస్తుంది, అంటే ఒక మెర్సెన్ సంఖ్య. అది ప్రధానమైతే దాని కారణాంకాలు అదీ ఒకటీ మాత్రమే. ఆ తగ్గిన ఒకటీ తిరిగొచ్చేస్తుంది, రెట్టింపు పూర్తవుతుంది. 15 ప్రధానం కాదు కాబట్టి ఎనిమిది తప్పింది. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. సరిసంఖ్యల్లో ఈ కోవకు చెందనిది ఇంకొకటి లేనే లేదని సూర్యనారాయణ రుజువు చేశారు. వ్యాసానికి బలం అదే.

దీని పర్యవసానం చూడండి. ప్రపంచంలో ఏ మూల ఎవరు కొత్త మెర్సెన్ ప్రధానం కనిపెట్టినా, సూర్యనారాయణ జాబితాలో తక్షణం ఒక పేరు చేరుతుంది. డురాంట్ డబ్లిన్ చిప్పు తీసిన జాడతో చేరింది యాభైరెండోది. అదీ 4,10,24,320 అంకెలదే. బేసి సంఖ్యల్లో సూపర్ పర్‌ఫెక్ట్ ఉందా అన్నది మాత్రం నేటికీ తేలలేదు. ఉంటే అది పరిపూర్ణ వర్గం కావాలని కానోల్డ్ చూపించారు. 7 పక్కన ఇరవైనాలుగు సున్నాలు పెట్టినంత దూరం వరకు అలాంటిది లేదని హన్‌సకర్, పొమరెన్స్ 1975లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో ప్రకటించారు.

◆ ఆ జాబితాలోని మొదటి ఎనిమిది: 2, 4, 16, 64, 4096, 65536, 262144, 1073741824. కంప్యూటర్ పని చేసేవాళ్లకు వీటిలో సగం పాత చుట్టాలు. ఎనిమిదోదైతే అందరికీ చుట్టమే. ఫోన్ ర్యామ్‌లో ఒక జీబీ అంటే సరిగ్గా 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు. (మెమరీ కార్డులమ్మేవాళ్లు జీబీని వంద కోట్లుగా లెక్కేస్తారు, ఆ తేడా వేరే కథ.) ఒక జీబీ సూపర్ పర్‌ఫెక్ట్. రెండు జీబీ కాదు, నాలుగూ కాదు, ఎనిమిదీ కాదు. తర్వాతిది కావాలంటే జీబీని వంద కోట్ల రెట్లకు పైగా పెంచి, ఎక్సాబైటు దాకా వెళ్లాలి. మెర్సెన్ మరిచిపోయిన 61 ఒకట్ల ప్రధానమే అక్కడ కాపలా.

ఒక జీబీ కారణాంకాలన్నీ కూడితే 214,74,83,647 వస్తుంది. ఇది ప్రధానమని 1772లో ఆయిలర్ తేల్చాడు, ఆ తర్వాత దశాబ్దాల పాటు అంతకంటే పెద్ద ప్రధానమేదీ రుజువు కాలేదు. పాత పద్ధతి కంప్యూటర్లలో ఒక సంఖ్య ఎదగగలిగిన పైహద్దు ఇదే. 2014 డిసెంబరులో ‘గంగ్నమ్ స్టైల్’ పాట యూట్యూబ్ వీక్షణలు ఈ హద్దు దాటడంతో లెక్క పెట్టే ఏర్పాటే పెద్దది చేయాల్సొచ్చింది. ఇంకో గండం ముందుంది. చాలా యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆయిలర్ ప్రధానాన్ని తాకుతుంది. మరుసటి సెకనులో, మార్చకుండా వదిలేసిన పాత యంత్రాలు 1901 డిసెంబరులోకి జారిపోతాయి. కొత్త ఫోన్లకు ఈ బెడద లేదు.

◆ గుంటూరు ప్రాంతంలోని యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తర్వాత కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఎల్. జె. వారెన్‌తో కలిసి 1966లో, ఇలాగే కారణాంకాల మొత్తంతో తేలే ‘యూనిటరీ పర్‌ఫెక్ట్’ అనే మరో జాతి సంఖ్యల్ని పరిచయం చేశారు. ఇప్పటిదాకా దొరికినవి అయిదే: 6, 60, 90, 87360, ఆపైన ఒక్కసారిగా 146361946186458562560000. ఇలాంటివి అంతులేకుండా ఉండవన్నది సుబ్బారావు అంచనా. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు.

◆ కోడింగ్ పోటీలకు తయారయ్యే ఇంజినీరింగ్ పిల్లలకు కంఠతా వచ్చే సంఖ్య ఒకటుంది: 1000000007. వంద కోట్ల ఏడు. ‘జవాబును దీనితో భాగించి శేషం చెప్పండి’ అని ప్రశ్న చివర ఉంటుంది. దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? పది అంకెల ప్రధానాల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది. అలాంటి శేషాలు రెండు కూడినా ఆయిలర్ హద్దు దాటదు. పైగా ప్రధానం కావడం వల్ల భాగహారం సజావుగా సాగుతుంది. ఏడుతో చూడండి: 3 × 5 = 15, శేషం 1, అంటే మూడుకు అయిదు జోడీ. సున్నా తప్ప ప్రతి శేషానికీ ఇలాంటి జోడీ ఉంటుంది. ఆరుతో అయితే మూడును దేనితో గుణించినా శేషం 0 లేదా 3, జోడీయే దొరకదు. అన్నట్టు 1000000009 కూడా ప్రధానమే. ఇద్దరూ కవలలు.

◆ మీరు వాట్సాప్‌లో ‘తిన్నావా?’ అని పంపే మెసేజీకి వేసే తాళం వెనక ఒక 77 అంకెల ప్రధాన సంఖ్య ఉంది. ఇదిగో:

57896044618658097711785492504343953926634992332820282019728792003956564819949

రహస్యమేమీ కాదు, అందరికీ తెలిసిందే. 2²⁵⁵లోంచి 19 తీసేస్తే వస్తుంది. రెండు ఘాతానికి ఇంత దగ్గరగా ఉండటం వల్ల దీనితో శేషం తీయడం కంప్యూటరుకు చాలా తేలిక. డేనియల్ బెర్న్‌స్టైన్ తన కర్వ్25519 పద్ధతికి దీన్ని ఎంచుకున్నది అందుకే. మెర్సెన్ ప్రధానాలు అంత పెద్దవైనా ఇలాంటి ఇంటిపనికి పెద్దగా రావు. కోట్ల అంకెల సంఖ్యతో తాళం వేస్తే మెసేజీ చేరేసరికి తెల్లారుతుంది.

◆ పది కోట్ల అంకెల ప్రధాన సంఖ్యను మొదట కనిపెట్టినవాళ్లకు 1,50,000 డాలర్లు ఇస్తామని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ప్రకటించి ఉంచింది. డురాంట్ సంఖ్య అందులో సగం దూరం కూడా రాలేదు. గింప్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో కంప్యూటరుంటే ఎవరైనా వేటలో చేరొచ్చు. కరెంటు బిల్లు మాత్రం మీరే కట్టుకోవాలి.